దేవుడి గూట్లో కంపెనీ బెల్టు

మా అబ్బాయి కారును ఎప్పటిలాగే సర్వీసుకు ఇచ్చి వచ్చాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే గోల. బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయట, కొత్తవి కంపెనీవి వేయమంటారా, బయట దొరికేవి వేయమంటారా అని వర్క్‌షాపు అతను ఫోను చేసి అడిగాడు. కంపెనీవే వేయాలని మా వాడు, పెట్టె మీద ముద్ర తప్ప రెండింటికీ తేడా ఏముందని మా కోడలు. అన్నం దగ్గర అదే మాట, టీవీ ముందు అదే మాట. కారు లేక మారతహళ్ళి నుంచి ఊళ్ళోకి బస్సుల్లో పడి నలిగి వస్తున్నారు కానీ, ఒకరి మాట ఒకరు వినరు. చివరికి మా వాడు నా మంచం మీద కూర్చుని, "నువ్వు చెప్పమ్మా, మన ఇంట్లో ఆ రోజుల్లోనే కారుండేది కదా" అన్నాడు. నన్ను వదిలెయ్యి నాయనా, మోకాళ్ళు పీకుతున్నాయి అని అటు తిరిగి పడుకున్నాను. చెప్పడం తెలియక కాదు, ఆ మాట వినీ వినీ అలసిపోయి. ఆ ప్రశ్న కాపురమున్న ఇంట్లోకే నేను కోడలిగా అడుగుపెట్టాను.

యుద్ధం సాగుతున్న కాలం అది. యుద్ధం ఎక్కడో జరుగుతోందని పేరే కానీ, బెంగళూరులో దాని చెయ్యి పడని వంటింటి డబ్బా లేదు. బియ్యానికి రేషను, కిరసనాయిలుకు రేషను, చక్కెరకు క్యూ, పెట్రోలుకు కూపన్లు. దండు, అంటే కంటోన్మెంటు, అటు వైపు ఎక్కడ చూసినా సిపాయిల లారీలు. బస్సులకు వెనకాల ఒక పెద్ద ఇనప డ్రమ్ము తగిలించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతో నడిపేవారు. ఎత్తు వస్తే జనం దిగి నడిచేవారు, బస్సు వెనక మెల్లగా వచ్చేది. అట్లాంటి రోజుల్లో హిందూపురం పక్క పల్లె నుంచి నేను బళేపేట వెనక సందులోని ఒక వఠారంలోకి కాపురానికి వచ్చాను. వఠారమంటే ఒకే ముంగిలి చుట్టూ వరసగా ఇళ్ళు, అందరికీ ఒకటే కొళాయి, ఒకరింట్లో పోపు పెడితే అందరికీ తుమ్ములు. పెళ్ళి సంబంధం తెచ్చినవాళ్ళు గొప్పగా చెప్పింది ఒక్కటే, పిల్లవాడి తండ్రికి సొంత కారుందని. కారున్న ఇంటికి పిల్లనిచ్చామని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది. వచ్చాక తెలిసింది, అది మేము ఎక్కడానికి కాదు, బాడుగకు తిప్పడానికని. కూరగాయలకు నేను మార్కెట్టుకు నడిచే పోయేదాన్ని, నడిచే వచ్చేదాన్ని.

మా మామగారి అన్నదమ్ములందరూ గాజుల అంగళ్ళు పెట్టుకున్నవారే. ఈయనకు మాత్రం అంగట్లో కూర్చుంటే ఒళ్ళు తీపులు, కారులో కూర్చుంటే హాయి. ఆ కారు ముదురు ఆకుపచ్చది. దండులో పనిచేసి సీమకు తిరిగి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్నాడట. దొర తాళం చేతిలో పెడుతూ, దీనికి కంపెనీ సామాను తప్ప ఇంకొకటి వేయకు అన్నాడని మామగారు చెప్పేవాడు. దొర చెప్పింది ఇంగ్లీషులో, మామగారికి ఇంగ్లీషు రాదు. ఆ మాట అదేనని ఆయనకెట్లా తెలిసిందో నేను అడగలేదు. అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది?

అమావాస్య రోజు ఆయన బాడుగకు పోయేవాడు కాదు. అది కారు విప్పే రోజు. పొద్దున్నే తలస్నానం చేసి, పాత పంచె ఎగగట్టి, ముంగిట్లో గోనెపట్టాలు పరిచి, వాటి మీద విప్పిన సామాను వరసగా పేర్చేవాడు. కొళాయికి పోయే ఆడవాళ్ళంతా బిందెలెత్తుకుని ఆ గోనెల చుట్టూ తిరిగి పోవాలి. ఒక్కటి తొక్కితే ఆ రోజంతా మాటలు పడాలి. ప్లగ్గులు గీకడం, గ్రీజు కూరడం, చక్రాలు ఊడదీసి బ్రేకులు చూడడం, ఒక్కొక్క సామానూ చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి వినడం. మా ఆయన పక్కన గొంతుకూర్చుని, అడిగిన పానా అందించేవాడు. మీసాలొచ్చి, పెళ్ళై, మోటారు స్టాండులో నలుగురి బండ్లు బాగుచేసే మనిషి, తండ్రి ముందు మాత్రం పానాలు అందించేవాడే. స్టీరింగు మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు ఆయన. మా ఆయన కూడా అడిగేవాడు కాదు. మధ్యాహ్నానికి మళ్ళీ అంతా బిగించి, ఇంజను తిప్పి, తల ఒక పక్కకు వాల్చి వినేవాడు మామగారు. ఆ ముఖంలో అప్పుడు తప్ప మరెప్పుడూ నేను నెమ్మది చూడలేదు.

యుద్ధానికి ముందు దండులోని పెద్ద అంగడికి పోతే ఏ సామానైనా మైనపు కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టి ఇచ్చేవారట. ఓడలు రావడం ఆగిపోయాక ఆ బీరువాలు ఖాళీ అయ్యాయి. కలాసిపాళ్యలో లేతు మిషన్ల వాళ్ళకు మాత్రం పండగ. ఇత్తడి చెంబులు కరిగించి బుష్షులు, రాగి హండాలు కోసి గాస్కెట్లు, పాత టైర్లు కోసి ఇంజను కింద మెత్తలు. కొన్ని ఏళ్ళకేళ్ళు పనిచేసేవి, కొన్ని ఊరి పొలిమేర దాటకముందే పగిలేవి. రెండు రకాలనూ ఒకే అంగట్లో ఒకే మనిషి ఒకే నమ్మకంతో అమ్మేవాడు. వాటిని నాటు సామాను అనేవారు. ఊళ్ళో బాడుగ కార్లన్నీ ఆ నాటు సామానుతోనే నడిచాయి. మా కారు మాత్రం, ఎక్కడో ఎవరి దగ్గరో కంపెనీ సామాను దొరికేదాకా ముంగిట్లోనే నిలబడేది. అది నిలబడితే మా పొయ్యి కూడా నిలబడినట్టే. అత్తగారు చారులో నీళ్ళు పోసేది, ఆ చారు ఇంకా మిగిలితే మళ్ళీ నీళ్ళు పోసేది. తను తిని మమ్మల్ని పస్తులు పెట్టాడని అనను, ఆయనా ఆ చారే తాగేవాడు. కానీ విసుగొచ్చేది. రేషను క్యూలో నిలబడి నిలబడి కాళ్ళు లాగుతుంటే, ఇంటికొచ్చి ముంగిట్లో పువ్వులు పెట్టించుకుని కూర్చున్న ఆ కారును చూస్తే ఒళ్ళు మండేది నాకు.

ఆ మొండితనానికి ఒక కారణం ఉందని మా అత్తగారు చెబితే తెలిసింది. నేను కాపురానికి రాకముందు జరిగింది. మా ఆయన అక్కను, అంటే మా వదినను, చింతామణి వైపు పల్లెలో ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకురావాలి. నేనే కారులో తీసుకొస్తానని మామగారు అందరికీ చెప్పాడు. తీరా ఆ రోజుకు ఎవరో సేటు ఇంటి పెళ్ళికి కారు ఒప్పుకుని ఉన్నాడు, మాట ఇచ్చానని అటు పోయాడు. అత్తగారు వెళ్ళి కూతుర్ని బొగ్గు బస్సులో తీసుకొచ్చింది. దారిలో చక్రం దగ్గర ఒక బోల్టు విరిగింది. నాటు బోల్టు. ఇంకో బస్సు వచ్చేసరికి పొద్దు వాలింది. అంతసేపూ నిండు మనిషి నీడ లేని చోట, ఎండలో, మూట మీద కూర్చుంది. ఇంటికి చేరిన కొద్ది రోజులకే బిడ్డ కడుపులోనే పోయింది. బోల్టుకూ బిడ్డకూ సంబంధం ఉందని డాక్టరమ్మ అనలేదు. ఇంట్లో ఎవరూ అనలేదు. మామగారు కూడా నోరు తెరిచి అనలేదు. కానీ ఆ తర్వాత ఎవరైనా నాటు సామాను పేరెత్తితే ఆయన పై గుడ్డ దులుపుకుని లేచి వెళ్ళిపోయేవాడు.

ఆయన దగ్గర కొత్త కంపెనీ సామాను ఒక్కటే మిగిలింది. ఫ్యాను బెల్టు. ఇంజను ముందుండే ఫ్యానును తిప్పే రబ్బరు పట్టా అది. అది తెగితే ఇంజను చల్లబడదు, రేడియేటరులో నీళ్ళు మరిగి బండి నిలిచిపోతుంది. ఓడలు ఆగిపోయే ముందు కొన్న ఆ బెల్టును మామగారు పెట్టెతో సహా దేవుడి గూట్లో పెట్టాడు, స్వామి పటానికీ గంటకూ నడుమ. ఆయుధపూజకు సుత్తులకూ పానాలకూ పసుపు కుంకుమ పెట్టినట్టే దానికీ పెట్టేవాడు. అంతటితో ఊరుకోలేదు. శుక్రవారం శుక్రవారం దీపం వెలిగించాక ప్రమిదలో వేలు ముంచి, పెట్టె తెరిచి, ఎండి పగలకూడదని బెల్టుకు పొడుగునా నూనె రాసేవాడు. మేమెవ్వరం దాన్ని తాకకూడదు. ఇంజను ఆయిలు రబ్బరుకు పడదని ఆయనకు తెలియదా అంటే, బాగా తెలుసు. ఆయిలు చేత్తో టైరు ముట్టుకున్నావని మా ఆయన్ను తిట్టిన మనిషి. కానీ దీపం నూనె ఆయన దృష్టిలో నూనె కాదు, ప్రసాదం. దేవుడి దగ్గర వెలిగినది ఎవరికైనా చెరుపు చేస్తుందని ఆయనెట్లా అనుకుంటాడు? ఆ ఇంట్లో ఎవరమూ అనుకోలేదు.

వదిన మళ్ళీ నెల తప్పిందని కబురు వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా సంతోషపడలేదు. సంతోషపడితే దిష్టి తగులుతుందేమోనన్నట్టు అత్తగారు వంటింట్లోకి పోయి పప్పు ఏరుకుంటూ కూర్చుంది. మామగారు మాత్రం ఆనాటి నుంచి పెట్రోలు కూపన్లు కొంచెం కొంచెంగా వెనకేశాడు. బాడుగలు తగ్గించాడు. కూతుర్ని తీసుకురావాల్సిన నెలకు ఎంత పెద్దవాళ్ళు అడిగినా కారు ఒప్పుకోలేదు. ఈసారి కారులోనే తెస్తాను, నేనే తోలుతాను, దారిలో నిలబడదు. రోజూ ఏదో ఒక వంకతో ఆ మాట అనేవాడు. మాతో అంటున్నాడో, తనతో తాను అంటున్నాడో తెలిసేది కాదు. మనిషి చిక్కిపోయాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతూ కలుపుతూ మరిచిపోయేవాడు.

ప్రయాణానికి ముందు వచ్చిన అమావాస్య నాడు కారు విప్పారు. వాడుకలో ఉన్న ఫ్యాను బెల్టు నెర్రెలు విచ్చి ఉంది. ఇక పనికిరాదని ఇద్దరూ ఒప్పుకున్నారు. కొత్తది ఏది వేయాలన్న దగ్గరే చిక్కు వచ్చింది. మా ఆయన ముందే అనుమానించి కలాసిపాళ్యలో ఒక బెల్టు చేయించి తెచ్చిపెట్టుకున్నాడు. జట్కా గుర్రాలకు పట్టీలు కుట్టే మనిషి ఒకడు, మోటార్ల వాళ్ళ గిరాకీ చూసి, తోలూ ముతక కిత్తాన గుడ్డా పొరలు పొరలుగా కుట్టి బెల్టులు చేసేవాడు. కొసలను కమ్మీ కొక్కెంతో కలపాలి. చూడడానికి అసహ్యంగా ఉండేది, నిజమే. స్టాండులో సగం కార్లు దానితోనే తిరుగుతున్నాయి, ఇప్పటికి ఇది వేద్దాం, కంపెనీది జాగ్రత్తగా వెంట పెట్టుకుపోదాం అని మా ఆయన మెల్లగా చెప్పాడు. అంత పొడుగు మాట తండ్రితో ఆయన మాట్లాడగా నేను అదే వినడం.

మామగారు ఆ తోలు బెల్టును చేత్తో కూడా ముట్టుకోలేదు. "నా బిడ్డ కూర్చునే బండికి గుర్రం పట్టీ కడతావా అప్పా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. కోపపడి ఉంటే మా ఆయన ఇంకో మాట అనేవాడేమో, తోలు బెల్టును చుట్టి పక్కన పెట్టేశాడు.

ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కుని, గూటి ముందు నిలబడి దండం పెట్టుకుని, ఆ పెట్టెను రెండు చేతులతో తెచ్చాడు. అట్ట మీద ఎర్ర అక్షరాలు కుంకుమ కింద కనబడడం లేదు. బెల్టు మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. కొళాయి దగ్గరున్న ఆడవాళ్ళు కూడా బిందెలు దించి చూశారు. మా ఆయన దాన్ని తీసుకుని బొటనవేలితో నొక్కాడు. నొక్కిన చోట గుంట పడి, మళ్ళీ పైకి రాలేదు.

"మెత్తబడిండాది నాయనా" అన్నాడు.

"కొత్తది మెత్తగానే ఉంటాది. నువ్వు కొత్తది చూసి ఎన్నేండ్లాయె?" అన్నాడు మామగారు, చెయ్యి చాపి పానా అడిగాడు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర మా ఆయన సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. ఆ బెల్టు దీపం వాసన వస్తోందని, నూనె తాగి ఉబ్బిపోయిందని, రోడ్డు మీద వేడెక్కితే ఎంతసేపు ఉంటుందో చెప్పలేనని నాతో అన్నాడు. మరి చెప్పండి అన్నాను. ఏమని చెప్పేది, నువ్వు చేసిన పూజే దాన్ని పాడుచేసింది అని చెప్పేదా అన్నాడు. ఈసారి కూడా దారిలో నిలిస్తే అక్క తట్టుకోలేదు, ఆమెకేమైనా అయితే నాయన బతకడు అని కూడా అన్నాడు. ఆ రెండు మాటలూ చెప్పి, ముఖం కడుక్కుని, తండ్రికి సాయం చేయడానికి మళ్ళీ ముంగిట్లోకి పోయాడు. నేను ఆ ఎంగిలి విస్తరి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఇంట్లో అందరూ ఒకరినొకరు కాపాడుకుంటూ నోరు మూసుకుంటే, అన్నీ తెలిసి కూడా ఎవరమూ ఏమీ చేయలేమని నాకు అప్పుడే తెలిసింది.

మంచి రోజు చూసి తెల్లవారగానే బయలుదేరాం. అత్తగారు రానంది. పోయినసారి నేను కాలు పెట్టిన వేళ మంచిది కాదు, ఈసారి కోడలు పోనీ అంది. అట్లా నాకు ఆ కారు ఎక్కే యోగం పట్టింది. ఒడిబియ్యం, చలిమిడి, కొబ్బరికాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. మామగారు స్టీరింగు ముందు, మా ఆయన పక్కన. ఎక్కేముందు మా ఆయన నా చెవిలో చెప్పాడు, వెనక సీటు కింద గోనెలో తోలు బెల్టు చుట్టి పెట్టాను, బుట్ట అక్కడ తొయ్యకు అని. మామగారు అప్పటికే బండి చుట్టూ తిరిగి, బానెట్టు ఎత్తి చూసి, డిక్కీ తెరిచి చూసి, నిమ్మకాయ తొక్కించడానికి సిద్ధంగా ఉన్నాడు. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. చల్లని పొద్దు, ఖాళీ రోడ్డు, హొసకోటెలో ఆగి తాగిన కాఫీ. నేను భయమంతా మరిచి రోడ్డు పక్క రాగి చేలు చూస్తూ కూర్చున్నాను.

వదిన అత్తవారింట్లో భోజనాలు తొందరతొందరగా ముగించి, ఒడి నింపి, రాహుకాలం రాకముందే బయలుదేరాం. వదిన నా పక్కన కూర్చుంది. ఒకప్పుడు బాగా నవ్వే మనిషని వఠారంలో అందరూ చెప్పేవారు, నాకు ఆ నవ్వు కనబడలేదు. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, రోడ్డు పక్క ప్రతి చెట్టునూ కళ్ళతో దాటేస్తూ కూర్చుంది. బండి బాగుండాదా నాయనా అని ఒక్కసారి అడిగింది.

"కంపెనీ బెల్టు వేసిండాను తల్లీ. నిశ్చింతగా కూర్చో" అన్నాడు మామగారు.

హొసకోటె దాటాక ఎండ ముదిరింది. ముందు నుంచి కీచుమని సన్నటి శబ్దం మొదలైంది. మామగారి తల ఒక పక్కకు వాలింది, వింటున్నాడు. మా ఆయన తల వాల్చలేదు, నేరుగా ముందుకే చూస్తున్నాడు. కాసేపటికి మాడిన నువ్వుల నూనె వాసన కారంతా నిండింది. తర్వాత ఏదో పటపటా కొట్టుకున్న చప్పుడు, బానెట్టు సందుల్లోంచి ఆవిరి. మామగారు కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

వదిన దిగలేదు. కాసేపు చెట్టు కింద కూర్చుందువు రా అని నేను చెయ్యి పట్టుకుంటే, నా చెయ్యి విడిపించుకుని మళ్ళీ కడుపు మీద పెట్టుకుంది. దిగితే కాచుకోవడం మొదలైనట్టే అనిపించిందేమో ఆమెకు. మామగారు బానెట్టు ఎత్తి, పంచె కొంగుతో చెయ్యి చుట్టుకుని, బెల్టును బయటికి లాగాడు. బెల్టు రాలేదు, ఎక్కువ ఉడికిన సేమ్యాలాగా పీచులు పీచులుగా వచ్చింది. నల్లటి జిగురు వేళ్ళకు అంటుకుంది. ఆ వేళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు. ఆయనకు అప్పుడు తెలిసింది.

"దీపం నూనెనే కదప్పా పూసినా" అన్నాడు కొడుకుతో. నేరం ఒప్పుకుంటున్నట్టు కాదు, ఇది న్యాయమేనా అని అడుగుతున్నట్టు.

మా ఆయన నీళ్ళు తెస్తానని డబ్బా పట్టుకుని చేనులోని మోట బావి దగ్గరికి పోయాడు. సీటు కింద ఉన్నదాన్ని గురించి ఒక్క మాట అనలేదు. నీళ్ళు తెచ్చాడు, ఇంకా వేడిగా ఉంది, చల్లబడనీ అన్నాడు, మళ్ళీ డబ్బా పట్టుకుని పోయాడు. ఆ బెల్టు తీస్తే తండ్రి తలెత్తుకోలేడని ఆయన భయం. నాకు మాత్రం ఒళ్ళంతా మండిపోతోంది. నిండు మనిషి ఎండలో ఉడికిపోతుంటే ఈ మగవాళ్ళ మర్యాదలేమిటి? నేను కూర్చున్న సీటు కిందే ఉంది అది. కానీ మామగారి ముందు నోరెత్తని కాలం, కొత్త కోడల్ని. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. ఒక బొగ్గు బస్సు మా పక్కనుంచి పొగ చిమ్ముకుంటూ, ఒళ్ళంతా నాటు సామానుతో, ఆగకుండా నిదానంగా వెళ్ళిపోయింది.

ఆ బస్సు కనుమరుగయ్యేదాకా వదిన దాన్నే చూసింది. తర్వాత తండ్రిని పిలిచింది. "నాయనా, నేను మళ్ళా రోడ్డు మీద కాచుకోలేను" అంది.

ఏడుపు లేదు ఆ గొంతులో, అలుపు ఉంది. మామగారు కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చేతులకు అంటిన జిగురును పంచెకు తుడుచుకున్నాడు. పంచెకు మరక చేసుకుంటే ఊరుకోని మనిషి. డబ్బాతో అప్పుడే వచ్చిన కొడుకు వైపు చూడకుండా, "సీటు కింద గోనెలో ఉండేది తియ్యప్పా" అన్నాడు.

మా ఆయన డబ్బా కింద పెట్టేశాడు.

"పొద్దున బండి చూసేటప్పుడే చూసినా" అన్నాడు మామగారు. "ఉండనీలే అనుకున్నా."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాటు సామాను పేరెత్తితే లేచిపోయే మనిషి, దాన్ని కళ్ళారా చూసి, తీసి పారేయకుండా, ఎవరితో అనకుండా, పోను రాను దారంతా తన కారులోనే మోసుకుని వచ్చాడు. ఆయన నమ్మకం మీద ఆయనకే నమ్మకం చాలలేదు. అది బయటికి చెప్పడానికి కూతురి చేత ఆ మాట అనిపించుకోవాల్సి వచ్చింది.

నేను దిగి సీటు కింద చెయ్యి పెట్టి గోనె బయటికి లాగాను. మా ఆయన బెల్టును ఫ్యాను చుట్టూ తిప్పి, కొసలు కలిపి, కొక్కెం బిగించాడు. మామగారు పక్కన గొంతుకూర్చుని పానాలు అందించాడు. అడగకముందే ఏది కావాలో అది అందించాడు. రేడియేటరులో నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి ఇంజను తిప్పితే ఫ్యాను తిరిగింది. తోలు బెల్టు టకటకమని కొట్టుకుంటూ తిరుగుతోంది, అందం లేదు, కానీ తిరుగుతోంది. మామగారు తల వాల్చి వినలేదు. డ్రైవరు తలుపు తీసి పట్టుకుని, నువ్వు తోలు అని కొడుకుతో అని, వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక కూర్చుంటే నేను ఆయన పక్కన ఎట్లా కూర్చునేది? నేను ముందు సీటుకు పోయాను. పెళ్ళయ్యాక మా ఆయన పక్కన బండిలో కూర్చోవడం అదే మొదలు. సిగ్గుతో కొంగు ముఖం దాకా లాక్కున్నాను కానీ, ఆ సిగ్గును చూసేవాళ్ళు ఎవరూ లేరు. మా ఆయన కళ్ళు రోడ్డు మీద, చేతులు స్టీరింగు మీద.

ఆ తోలు బెల్టు మమ్మల్ని ఇంటికి చేర్చింది, ఆ తర్వాత కూడా చాలా రోజులు తిరిగింది. వదిన ఆ నెలలోనే ఆడపిల్లను కంది. అది పుట్టగానే పెట్టిన ఏడుపుకు వఠారమంతా లేచి వచ్చింది. వదిన నవ్వు అప్పుడు విన్నాను, చెప్పినంతా ఉంది ఆ నవ్వు. యుద్ధం ముగిసి ఓడలు మళ్ళీ వచ్చాక మా ఆయన దండులో కంపెనీ బెల్టు ఒకటి కొని తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. మామగారు దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, తెచ్చింది తెచ్చినట్టే వేసెయ్యి, దాచిపెట్టుకోవద్దు అన్నాడు. అమావాస్యలకు గోనెపట్టాలు మామూలుగానే పరిచేవారు. ఆయన మాత్రం మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోలేదు, ఎవరూ కూర్చోమని బలవంతం చేయలేదు.

అవన్నీ తర్వాతి సంగతులు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నమే ఎక్కువ గుర్తు. కృష్ణరాజపురం దగ్గర పడుతుండగా వెనక చప్పుడు లేదేమిటా అని తిరిగి చూశాను. మామగారు నిద్రపోతున్నాడు. పగటిపూట ఆయన కన్ను మూయగా ఎవరమూ చూడలేదు. తల కూతురి భుజం మీద వాలిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది. వదిన ఒక చెయ్యి తన కడుపు మీద, ఇంకో చెయ్యి ఆయన తల మీద పెట్టుకుని, కదిలితే లేస్తాడేమోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటోంది. మనుషులు ఏటికేడు, జుట్టు నెరుస్తూ, మెల్లమెల్లగా ముసలివాళ్ళవుతారని అనుకుంటాం. పొద్దున స్టీరింగు ముందు కూర్చున్నది గట్టి మనిషి, హొసకోటె దాటాక కూతురి భుజం మీద నిద్రపోయింది ముసలివాడు. ఆ రెంటికీ నడుమ ఉండాల్సిన ఏళ్ళన్నీ ఆ రోడ్డు మీద ఎక్కడ జారిపోయాయో నాకు ఈనాటికీ తెలియదు.